వేసవి సెలవులు – శాస్త్రవిద్య – తల్లుల కర్తవ్యము



మార్కాపురమున ఎండలు ముదిరినవి. పలకల గనుల మీదుగా వచ్చు గాలి మధ్యాహ్నమునకు పొయ్యి సెగవలె తగులుచున్నది. నీళ్ల బిందెలకు కాపలా, ఆవకాయకు కాయల బేరము, సెలవులకు రానున్న చుట్టములకు పడకలు, ఇవియే ఇప్పుడు మన యిండ్లలోని ముచ్చటలు. ఈ మాసము మేమును ఊరగాయల విషయమే వ్రాయదలచితిమి గాని, నిరుడు మా వలన జరిగిన యొక పొరపాటు మనస్సును విడువకున్నది. దానిని చెప్పుకొనిన మాకు కొంత భారము తగ్గును. విని జాగ్రత్తపడిన మీ పిల్లలకు మేలు కలుగును. కావున సెలవులలోను, బడి వేళలకు వెలుపలను పిల్లలు నేర్వదగిన శాస్త్రవిద్యను గూర్చి ఈ మాసము ముచ్చటింతము.

మా పెద్దమ్మాయి నిరుడు తొమ్మిదవ తరగతి చదువుచుండెను. చిన్ననాటినుండియు దానికి ప్రశ్నలు మెండు. మన యూరి పలకరాయి ముక్కలుగా పగులక పొరలు పొరలుగా ఏల విడిపోవునని ఏడేండ్లప్పుడే మమ్మడిగినది. మేము మా తండ్రిగారి యొద్ద అమరమును, కావ్యములును చదివితిమే గాని రాళ్ల సంగతి మాకేమి తెలియును? "దాని స్వభావమే అంత" అని త్రోసివేసితిమి. సాయంకాలము మా యింటివారు బడినుండి వచ్చి, ఒకప్పుడు నీటి యడుగున పేరుకొనిన సన్నని బంకమన్ను కోట్ల యేండ్లు భూమిలోపల వేడికిని ఒత్తిడికిని లోనై పలకరాయి యైనదనియు, ఆ ఒత్తిడిచేత అందలి సూక్ష్మములైన రేకులన్నియు ఒకే వైపునకు తిరిగి సర్దుకొనుటవలన అది పొరలుగా చీలుననియు చెప్పిరి. భూగర్భశాస్త్రజ్ఞులు మన కంభము పేరనే ఒక శిలాశ్రేణిని వ్యవహరింతురనియు చెప్పిరి. ఆ రాత్రి పిల్ల తన పలకను తలగడ ప్రక్కన పెట్టుకొని నిద్రించినది.

నిరుడు శివరాత్రి దినములలో మా యింటివారు ఒక కాగితము తెచ్చి మా చేతికిచ్చిరి. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అనగా ఇస్రోవారు, తొమ్మిదవ తరగతి పిల్లలకు వేసవిలో రెండు వారములు నడుపు 'యువిక' యను శిక్షణకు దరఖాస్తులు కోరుచు చేసిన ప్రకటన యది. "నీవు సరే యనిన పంపుదము" అనిరి. మేము సరే యనలేదు, కాదనియు అనలేదు. "చూతము లెండి" అని ఆ కాగితమును పంచాంగములో పెట్టితిమి. ఆడపిల్ల, పదునాలుగేండ్లది, రెండు వారములు పరాయిచోట ఎట్లుండును? మా అత్తగారేమందురు? బంధువులేమనుకొందురు? ఈ తలంపులే మనస్సునిండ ఉండెను. వారు మరల రెండు పర్యాయములు అడిగిరి. రెండు పర్యాయములును మేము అదే మాట చెప్పితిమి. గడువు దాటిపోయినది.

ఉగాదికి ముందు పాత పంచాంగము తీసి క్రొత్తది పెట్టుచుండగా పిల్ల ఆ కాగితమును చూచినది. కోపపడలేదు. "అమ్మా, వచ్చే యేడు పంపుతావా?" అని మాత్రమడిగినది. వచ్చే యేడు తాను పదవ తరగతి. ఆ శిక్షణ తొమ్మిదవ తరగతి వారికే. ఆ సంగతి మా నోటితోనే చెప్పవలసి వచ్చినది. విని, కాగితమును మడచి తన లెక్కల పుస్తకములో పెట్టుకొనినది.

భాస్కరాచార్యులవారి కుమార్తె లీలావతి కథను మీలో పెక్కురు విని యుందురు. పెండ్లి ముహూర్తమును తెలుపుటకు నీటిలో వదలిన గడియగిన్నెలో ఆమె నగనుండి ఒక ముత్యము జారిపడి రంధ్రమునకు అడ్డుపడెననియు, శుభలగ్నము ఎవ్వరికిని తెలియకయే దాటిపోయెననియు, ఆమెను ఓదార్చుటకై తండ్రి ఆమె పేర గణితగ్రంథమును రచించెననియు చెప్పుదురు. ఆ లగ్నమునకు అడ్డుపడినది ముత్యము. మా పిల్ల లగ్నమునకు అడ్డుపడినది మేము.

అప్పటినుండి ఇట్టి అవకాశములు ఏవేవి కలవో మా యింటివారిని అడిగి అడిగి తెలిసికొంటిమి. వానిని మీ ముందుంచుచున్నాము.

మొదట యువికను గూర్చియే చెప్పెదము. ఇది 2019వ సంవత్సరమున ఆరంభమైనది. ఆ యేట ప్రతి రాష్ట్రమునుండి ముగ్గురేసి పిల్లలను ఎన్నుకొనిరి. కరోనా వలన రెండేండ్లు ఆగి, 2022లో 153 మందితో మరల సాగినది. ఇస్రోవారి కేంద్రములలో పిల్లలను ఉంచి, శాస్త్రజ్ఞులచేత పాఠములు చెప్పించి, ప్రయోగశాలలు చూపి, చిన్న చిన్న రాకెట్టు నమూనాలు వారి చేతనే చేయింతురు. రాత్రులందు ఆకాశమును చూపి నక్షత్రముల నెరిగింతురు. ఇట్టి శిక్షణ జరిగిన కేంద్రములలో శ్రీహరికోటయు, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమును కలవు. శ్రీహరికోట మనకు పరదేశము గాదు. ఒంగోలులో రైలెక్కిన సూళ్లూరుపేటలో దిగవచ్చును. పిల్లల ప్రయాణము, బస, భోజనము సంస్థవారివే. దిగవిడిచి తిరిగి తీసికొనివచ్చు తల్లికో తండ్రికో రైలు ఖర్చులు కూడ వారే ఇత్తురు. ఈ సంగతి ఆ కాగితములోనే ఉండెను. మేము దానిని తుదివరకు చదువనే లేదు.

ఎన్నిక యెట్లు జరుగునో కూడ తల్లులు తెలిసికొనవలయును. ఇటీవలి ప్రకటనలలో ఎనిమిదవ తరగతి మార్కులకు సగము విలువ యిచ్చిరి. తక్కినది విజ్ఞాన ప్రదర్శనలకును, ఒలింపియాడు పరీక్షలకును, ఆటలకును, స్కౌట్లు, ఎన్.సి.సి. వంటి వానికిని, వారు పెట్టు ప్రశ్నల పోటీకిని పంచిరి. పంచాయతి గ్రామముల బడులలో చదువు పిల్లలకు నూటికి 15 వంతులు ప్రత్యేకముగా కేటాయించిరి. అనగా గిద్దలూరు, కొమరోలు, యర్రగొండపాలెము చుట్టుపట్ల పల్లెలలోని పిల్లకు పల్లె యనునది లోటు గాదు, బలమే. అయితే ఆరవ తరగతినుండియే బడిలో జరుగు ప్రదర్శనలలో పాల్గొననిచ్చి, వచ్చిన ప్రశంసాపత్రములను భద్రపరచినపుడే ఆ బలము పనికివచ్చును. "అవి యెందుకు, చదువు పాడగును" అని మనము ఆపితిమా, తొమ్మిదవ తరగతిలో చూపుటకు ఏమియు మిగులదు.

రెండవది, కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర సాంకేతిక శాఖవారి 'ఇన్‌స్పైర్ మానక్' బహుమానము. దీనికి కావలసినది పెద్ద యంత్రము గాదు. ఒక మంచి ఆలోచన. చుట్టుప్రక్కల జనుల కష్టమును చూచి, దానిని తగ్గించు ఉపాయమును పిల్లలు తామే ఊహింపవలయును. ఒక్కొక్క బడినుండి ఐదు ఆలోచనల వరకు ప్రధానోపాధ్యాయులు పంపవచ్చును. ఎన్నుకొనబడిన ఆలోచనకు నమూనా తయారు చేయుటకై 10,000 రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలోనే వేయుదురు. పిమ్మట జిల్లాలోను, రాష్ట్రములోను, ఢిల్లీ వరకును ప్రదర్శనలు. మన యూరిలో పలకలు కోయునపుడు లేచు ధూళి కూలీల ఊపిరితిత్తులకు చేయు కీడు మనకందరకును తెలిసినదే. ఆ ధూళిని తడిపి అణచుటకో, దూరముగా లాగివేయుటకో ఉపాయము మన పిల్లలు గాక మరి యెవ్వరు చూతురు? పిల్ల పేర బ్యాంకు ఖాతా లేకయే బహుమానమునకు చిక్కులు వచ్చుట కలదు. ఖాతా తెరిపించుట తల్లి చేయదగిన పని.

మూడవది, 1993 నుండి జరుగుచున్న జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు. పది మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలు తమ ఊరి సమస్యనొకదానిని ఎత్తుకొని, ఉపాధ్యాయుని సాయముతో పరిశోధించి, ఫలితమును సభలో చెప్పవలయును. మన పడమటి సీమలో అట్టి సమస్యకు కొదువయా? మన నీటిలోని ఫ్లోరైడే చాలును. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు పడును. పెద్దలకు కీళ్లు బిగిసి యెముకలు వంగును. కాచి చల్లార్చిన ఫ్లోరైడు పోవునని మనలో కొందరి నమ్మకము. అది పొరపాటు, నీరు ఆవిరియై తగ్గుటచే దాని పాలు మరింత హెచ్చును. నాగపురములోని జాతీయ పర్యావరణ సంస్థవారు పటికయు సున్నమును కలిపి కలియబెట్టి, తేర్చి, వడగట్టు పద్ధతిని కనుగొనిరి. దానికి మన తెలుగు జిల్లా పేరనే 'నల్లగొండ పద్ధతి' యని పేరు. ఊరిలో ఏ బావి నీరు ఎట్టిదో పరీక్ష చేయించి పటము గీసిన పిల్లలు, మనము అత్తవారింట అడుగుపెట్టిననాటినుండి మోయుచున్న బిందెలోని గుణదోషములను మనకే తెలుపగలరు.

ఇంజనీరింగు విద్య పట్టణములదే యని మనవారి భ్రమ. ఒక్కమారు కంభము చెరువు కట్ట మీద నిలిచి చూడుడు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి కట్టిన ఆ చెరువు విజయనగర రాజకుమారి వరదరాజమ్మ కట్టించినదని ప్రసిద్ధి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దానిని ప్రపంచ వారసత్వ నిర్మాణములలో చేర్చిరి. గిద్దలూరు త్రోవలో బేస్తవారిపేట చెంత మోక్షగుండమను గ్రామము కలదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆ యూరివారే. వారి యింటిపేరు అందువలన వచ్చినదే. బాల్యముననే తండ్రిని కోల్పోయి, ఇతరుల పిల్లలకు చదువు చెప్పుచు తాను చదువుకొనిన ఆయన, 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిదప ఆ నగరమును వరదలనుండి కాపాడు ఉపాయములను చెప్పిన మహనీయుడు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతట ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు. నేడు నల్లమలను తొలిచి కృష్ణనీటిని మన మెట్టసీమకు తెచ్చుటకై త్రవ్విన వెలిగొండ సొరంగములు ఒక్కొక్కటి పదునెనిమిది కిలోమీటర్లకు మించినవి. ఇన్ని మన గడపలోనే ఉండగా, పిల్లలకు చూపక టీవీ ముందు కూర్చుండబెట్టుట న్యాయమా?

పెద్ద చదువులకు పోయిన పిల్లలున్న తల్లులకు ఒక మాట. బెంగుళూరులోని భారత విజ్ఞాన అకాడమీ, మరి రెండు జాతీయ అకాడమీలతో కలిసి, వేసవిలో రెండు నెలలు శాస్త్రజ్ఞుల యొద్ద పనిచేయుటకు విద్యార్థులకు వేతనమిచ్చి పిలుచుచున్నది. ఇందుకు నవంబరు ప్రాంతముననే దరఖాస్తు పెట్టవలయును. వేసవిలో వెదకిన లాభము లేదు. దీనిలో ఉపాధ్యాయులకును చోటు కలదు. బాలికలకై 2019లో మొదలైన 'విజ్ఞానజ్యోతి' తొమ్మిది మొదలు పన్నెండు తరగతుల వారికి నవోదయ విద్యాలయముల ద్వారా జరుగుచున్నది. మన తర్లుపాడు చెంత కలుజువ్వలపాడులో నవోదయ విద్యాలయము కలదు గనుక, ఆ చుట్టుపట్ల తల్లులు అచ్చట విచారింపదగును. తెలుగుననే చదువగోరు పిల్లలకు జనవిజ్ఞానవేదికవారి 'చెకుముకి' పత్రికయు, ఆ పేర జరుగు పరీక్షలును కలవు.

మొన్న ఈ మాటలన్నియు మా ప్రక్కయింటి వదినగారితో చెప్పితిమి. ఆమె నవ్వి, "అవన్నీ మగపిల్లలకు, వదినా! మన ఆడపిల్లలు రాకెట్లు చేస్తారా?" అనిరి. ఆమెకు మేము చెప్పిన సంగతి ఇది. మన దేశములోని 75 ప్రభుత్వ పాఠశాలలనుండి 750 మంది బాలికలు చేయివేసి 'ఆజాదీశాట్' అను చిన్న ఉపగ్రహమును సిద్ధము చేసిరి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోటనుండి పంపగా, రాకెట్టు సరియైన కక్ష్యను చేర్పలేక ఉపగ్రహము వ్యర్థమైనది. అంతటితో బాలికలు ఇంట కూర్చుండలేదు. రెండవ ఉపగ్రహము సిద్ధమై 2023 ఫిబ్రవరి 10న ఆకాశమునకేగి తన చోటు చేరినది. వదినగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "మా చిన్నది ఇప్పుడు ఏడవ తరగతి" అని మాత్రమనిరి.

భద్రత విషయమున తల్లి భయపడుట తప్పు గాదు. అయితే భయమును ప్రశ్నగా మార్చవలయును. పిల్లలను ఎక్కడ ఉంచెదరు, బాలికలకు తోడు స్త్రీలు ఎవరు, ఏ వేళకు ఫోను చేయవచ్చును అని అడిగి తెలిసికొనుడు. జవాబు తృప్తికరముగానున్న పంపుడు, లేనిచో మానుడు. అడుగకయే మానుట, మేము చేసినట్లు కాగితమును దాచుట, భయమునకు మందు గాదు.

మరియొక హెచ్చరిక. వేసవి వచ్చిన వెంటనే రోబోటులు నేర్పెదము, రాకెట్లు నేర్పెదము, ధ్రువపత్రము లిచ్చెదము అని వేల రూపాయలు అడుగువారు బయలుదేరుదురు. వారిలో మంచివారును ఉండవచ్చును. కాని పైన మేము చెప్పిన యువికకును, ఇన్‌స్పైర్ బహుమానమునకును పిల్లలయొద్ద రుసుము పుచ్చుకొనరు. వాని పేరు చెప్పి ఎవరైన సొమ్మడిగిన, బడికి పోయి ప్రధానోపాధ్యాయులను విచారింపక పైకము ఇయ్యకుడు.

ఈ సెలవులలోనే, కానీ ఖర్చు లేక, పిల్లలచేత చేయింపదగిన ప్రయోగమొకటి చెప్పెదము. మన జ్యోతిషగ్రంథములలో శంకువును గూర్చి విన్నవారము గదా! మే మొదటి వారమున మన మార్కాపురపు నెత్తిమీదికి సూర్యుడు నిటారుగా వచ్చును. పెరటిలో చదునైన చోట ఒక కర్రను తిన్నగా నిలిపి, పగలు పదునొకండు గంటల నుండి నీడ కొనను పలకబలపముతో గుర్తించుచు రమ్మనుడు. పండ్రెండు గంటల పది నిమిషముల ప్రాంతమున కర్రకు నీడయే ఉండదు. గడియారములో పండ్రెండు కొట్టినపుడు గాక పది నిమిషములకు ఏల అట్లగునో పిల్లలు అడుగుదురు. మన గడియారములు దేశమంతటికి నిర్ణయించిన తూర్పురేఖను అనుసరించుననియు, మనము ఆ రేఖకు పడమట నుండుటచే సూర్యుడు మనకు కొంత ఆలస్యముగా నడినెత్తికి వచ్చుననియు చెప్పవచ్చును. ఆగస్టు రెండవ వారములో ఇదే వింత మరల జరుగును. మబ్బు లేకున్న చూడుడు. ఎండలో పిల్లల తలకు గుడ్డ చుట్టుట మరువకుడు.

తుదకు, మేము పొందిన బుద్ధిని ఒక అలవాటుగా మార్చుకొంటిమి. వంటయింటి గోడకు మన యూరి పెద్ద పలకనొకదానిని తగిలించి, దానిపై ఇట్లు వ్రాసితిమి. ఫిబ్రవరి, మార్చి: యువిక ప్రకటన చూడవలయును. జూను మొదలు: ఇన్‌స్పైర్ ఆలోచనను మాస్టరుగారికి చెప్పవలయును. సెప్టెంబరు 15: ఇంజనీర్ల దినము. అక్టోబరు 4 నుండి 10 వరకు: అంతరిక్ష వారోత్సవము, బడులలో పోటీలు. నవంబరు: అకాడమీల దరఖాస్తు. ఫిబ్రవరి 28: సైన్సు దినము. క్రిందుగా కాగితముల పట్టికయు కలదు: ఆధారు, జన్మపత్రము, మార్కుల పత్రములు, ప్రశంసాపత్రములు, ఛాయాచిత్రములు, బ్యాంకు పుస్తకము. ఇవన్నియు ఒక్క సంచిలో వేసి బియ్యపు డబ్బా మీద పెట్టితిమి. గడువు చివరినాడు వీనికై వెదకుచు కన్నీరు పెట్టు తల్లులను మేమెరుగుదుము.

మా చిన్నమ్మాయి రాబోవు జూనులో తొమ్మిదవ తరగతికి పోవును. దాని ఎనిమిదవ తరగతి మార్కులను, సైన్సు ప్రదర్శన పత్రమును సంచిలో పెట్టినది మేము గాదు, పెద్దమ్మాయి. పలక మీద 'యువిక' యను మాట క్రింద రెండు గీతలు గీసినదియు అదియే. ఆ గీతలను చూచినప్పుడెల్ల మాకు కొంచెము సిగ్గు, కొంచెము ధైర్యము కలుగుచున్నవి. పెద్దమ్మాయి తాను మాత్రము ఈ సెలవులలో మన వీధి బావుల నీటిని సీసాలలో పట్టి, వానికి అంకెలు వేసి, పరీక్షకై సిద్ధము చేసినది. వంటయింటిలో మాకు చోటు కొంత తగ్గినది గాని, మేమేమియు అనలేదు.

సోదరీమణులారా! మీ బిడ్డ తెచ్చిన కాగితమును ఆనాడే తుదివరకు చదువుడు. సరే యనుడు, లేక కాదనుడు. కారణము బిడ్డకు చెప్పుడు. పంచాంగములో మాత్రము పెట్టకుడు.

వచ్చు మాసమున ఆవకాయను గూర్చి తప్పక వ్రాయుదుము.